కన్ను తెరిచి ఉండగానే

అత్తిముగం నుంచి ఒక పాఠకుడు అడిగారు: “రాత్రి హోసూరు చుట్టుపక్కల పూలు, కూరగాయలు ఎక్కించుకొని చెన్నై కోయంబేడుకు పోతాం. దారిలో టీ తాగుతాం, అద్దం దించుతాం, పాటలు గట్టిగా పెడతాం. అయినా తెల్లారుజామున, కళ్లు తెరిచే ఉన్నా, బండి పక్కకు పోతుంది. ఎందుకు?” కళ్లు తెరిచే ఉన్నా! ఆ ముక్క చదివాక ఈ నెల వేరే విషయం రాయబుద్ధి కాలేదు.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుంటుంది, మగత పెరుగుతుంది. ఒంట్లోని గడియారం రాత్రి 2 నుంచి 6 దాకా ఆ మగతకే వత్తాసు పలుకుతుంది. 80 కిలోమీటర్ల వేగంలో 4 సెకన్లు కునుకు పడితే బండి 90 మీటర్లు దానంతటదే పోతుంది.

అసలు కథ ఇక్కడుంది. 1910 ప్రాంతంలో పారిస్‌లో లెజాండ్ర్, పియెరాన్ అనే శాస్త్రవేత్తలు కుక్కలను రోజుల తరబడి నిద్రపోనివ్వకుండా ఉంచి, వాటి మెదడు ద్రవాన్ని హాయిగా నిద్రపోయి లేచిన కుక్కలకు ఎక్కించారు. అవి నిద్రలోకి జారుకున్నాయి. దాంతో నిద్ర తెప్పించేది ఒక విషం అనుకున్నారు. జపానులో ఇషిమోరి కూడా విడిగా ఇలాంటి ప్రయోగమే చేశాడు. నిద్రను తెచ్చే పదార్థం ఉందనడం ఒప్పే, విషమనడమే తప్పు. ఇంతకన్నా మొండి పొరపాటు మరొకటుంది: మెదడు మొత్తం ఒకేసారి మేలుకుంటుంది, ఒకేసారి నిద్రపోతుంది అన్న నమ్మకం. ఇది చాలాకాలం నడిచింది.

2011లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో వ్యాజోవ్‌స్కీ, టొనోనీ బృందం ఎలుకలను నిద్రవేళ దాటినా మేల్కొలిపి ఉంచింది. అవి చలాకీగా తిరుగుతున్నాయి, కళ్లు తెరిచే ఉన్నాయి. అయినా మెదడు పైపొరలో కొన్ని కణాలు, గాఢనిద్రలో లాగే, ఉండుండి క్షణకాలం మూగబోతున్నాయి. ఊళ్లో ఒక్కొక్క ఇంట్లో దీపం ఆరినట్టు! చక్కెర గుళిక అందుకోబోయే ముందు, చేతి కదలికను నడిపే చోట కణాలు అలా మూగబోతే, ఎలుక గురి తప్పేది. 2017లో నీర్, ఫ్రీడ్ బృందం మూర్ఛ చికిత్స కోసం మెదడులో తీగలు అమర్చిన రోగులను పరిశీలించింది. నిద్ర చాలనప్పుడు వాళ్ల మెదడు కణాలు కూడా ఆలస్యంగా, బలహీనంగా స్పందించాయి. ఎదుటి లారీ కంటికి ఆనుతుంది, అది లారీ అని మెదడుకు తట్టేసరికే ఆలస్యమైపోతుంది. “నేను ఆపుకోగలను” అని తేల్చి చెప్పేదీ ఆ నిద్రమత్తు మెదడే. ఆ తీర్పును ఎలా నమ్ముతాం?

ఇక టీ, పాటలు, అద్దం సంగతి. ఇంగ్లండులో రేనర్, హార్న్ అనే పరిశోధకులు పరీక్షించి చూశారు: చల్లగాలి, రేడియోల వల్ల కలిగే మేలు అంతంతమాత్రం, అదీ కాసేపే. టీ, కాఫీల్లోని కెఫీన్ అడినోసిన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది, కానీ అక్కడికి చేరడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. కాబట్టి బండి పక్కన ఆపి, కాఫీ తాగి, వెంటనే పదిహేను నిమిషాలు నిద్రపోండి. అదీ తాత్కాలికమే, నిద్ర బాకీ తీరదు.

1997లో డాసన్, రీడ్ లెక్కగట్టారు: 17 గంటలు మేలుకున్నవాడి పనితనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుంది. మన చట్టం ఒప్పుకునేది 0.03 శాతమే. పొద్దున ఆరింటికి లేచిన డ్రైవరు రాత్రి పదకొండింటికి లోడు ఎక్కిస్తే, బయల్దేరకముందే హద్దు దాటినట్టు! తాగినవాణ్ని పట్టుకోవడానికి ఊదే యంత్రముంది. తెల్లారేలోపు సరుకు దించాల్సిందేనని డ్రైవరును తరిమే యజమానిని పట్టుకునే యంత్రం మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.