ఒక్క కంప్యూటరులో బ్లాక్‌చెయిన్

గంభీరావుపేట వంటి ఊళ్ళలో చిట్టీ అనగా ఏమో తెలియని ఇల్లు అరుదు. 20 మంది కూడి నెలకు 1,000 రూపాయల చొప్పున వేసికొందురు. నెలనెలా పాట జరుగును. ఎక్కువ తగ్గింపునకు ఒప్పుకొన్నవారికి ఆ నెల సొమ్ము దక్కును. చిట్టీ నడుపువారి కమీషను పోగా తగ్గింపులో మిగిలినది సభ్యులందరికిని సమముగా పంచబడును. ఈ వ్యవహారమంతయు ఒక్క పద్దుపుస్తకముపై ఆధారపడియున్నది. ఆ పుస్తకము ఒక్కరి చేతిలో ఉండును. అందొక అంకె మారినచో, తక్కినవారికి చూపుకొనుటకు వేరొక పుస్తకము లేదు.

అదే పుస్తకము 20 మంది ఇండ్లలోను ఉన్నదనుకొందము. ఏ పద్దు వ్రాసినను అన్నిటిలోను ఒక్కతీరుగా వ్రాయవలెను. అంతేకాక, ప్రతి పుట తలపైన వెనుకటి పుటకు సంబంధించిన ఒక గుర్తు ఉండును. ఈ గుర్తును హాష్ అందురు. ఇది ఆ పుటలోని అక్షరములన్నిటి నుండి గణితము ద్వారా పుట్టిన సంఖ్య. పాత పుటలో ఒక్క అంకె మార్చినను దాని హాష్ మారును. అప్పుడు తరువాతి పుట తలనున్న గుర్తు దానితో సరిపడదు. ఇట్లు పుటకు పుట గొలుసువలె ముడిపడియుండుటచేతనే దీనికి బ్లాక్‌చెయిన్ అని పేరు వచ్చినది. పుస్తకము నుంచుకొన్న ఒక్కొక్క కంప్యూటరును నోడు అందురు. చిట్టీ నియమములను కూడ ఒక ప్రోగ్రాముగా వ్రాసి ఈ గొలుసులోనే ఉంచవచ్చును. అట్టి ప్రోగ్రామునకు స్మార్ట్ కాంట్రాక్టు అని పేరు.

చిట్టీ ఉదాహరణ ఊహామాత్రము కాదు. తెలంగాణ రిజిస్ట్రేషను శాఖ చిట్‌ఫండు సంస్థల లెక్కల కొరకు టి-చిట్స్ అను బ్లాక్‌చెయిన్ పద్ధతిని ప్రవేశపెట్టినది. అంతకు ముందే, రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదున స్థాపించిన ఐ.డి.ఆర్.బి.టి. అను పరిశోధన సంస్థ, వర్తక ఋణవ్యవహారములపై ఈ పద్ధతిని నమూనాగా పరీక్షించి, 2017 జనవరిలో ఒక శ్వేతపత్రము ప్రచురించినది.

అయితే తుడిచివేయ వీలులేని పుస్తకములో తప్పును కూడ తుడిచివేయ వీలులేదు. 2017 నవంబరులో ఈథరియం అను ప్రపంచ బ్లాక్‌చెయిన్‌పై జరిగిన సంగతి చూడుడు. పారిటీ అను సంస్థ తయారుచేసిన వందలాది డబ్బు సంచులు అన్నియు ఒక్క ఉమ్మడి ప్రోగ్రాముపై ఆధారపడి పనిచేయుచుండెను. ఆ ప్రోగ్రామునకు యజమాని ఎవరో నిర్ణయించు మెట్టును పూర్తిచేయుట మరచిరి. దారినపోవు ఒకరు తానే యజమానినని నమోదుచేసికొని, ఆ ప్రోగ్రామును నిర్మూలించిరి. 5 లక్షలకు పైగా ఈథర్లు ఎవరికిని అందకుండ స్తంభించిపోయినవి. ఈథరు అనగా అచటి నాణెము. అవి నేటికిని కంటికి కనుపించుచునే యున్నవి, తీసికొనుటకు మాత్రము దారి లేదు.

కావున అసలు గొలుసుపై పెట్టుటకు ముందు ప్రోగ్రామును తుడిచివేయదగిన గొలుసుపై నడిపి చూడవలెను. దీనినే స్థానిక బ్లాక్‌చెయిన్ అందురు. ఇది ఒక్క కంప్యూటరులోనే నడచును. దీని చిరునామా 127.0.0.1. ఈ సంఖ్యకు ఏ కంప్యూటరులోనైనను అర్థము ఒక్కటే: ‘నేనే’. పంపిన సందేశము బయటి తీగలోనికి పోక తిరిగి తనకే వచ్చును. సామగ్రిని ఒకమారు దించుకొన్న తరువాత ఇంటర్నెట్టుతో పని లేదు. పల్లెటూరి పాఠశాలకు ఇది చిన్న సౌకర్యము కాదు.

ఈథరియం కొరకు పూర్వము గనాష్ అను సాధనము ప్రసిద్ధముగా ఉండెను. దానిని విరమించుచున్నట్లు 2023లో ప్రకటించిరి. నేడు హార్డ్‌హ్యాట్, ఆన్విల్ అనునవి వాడుకలో ఉన్నవి. హార్డ్‌హ్యాట్ గొలుసును ప్రారంభింపగానే 20 ఖాతాలు పుట్టును. ఒక్కొక్కదానిలో 10,000 ఈథర్లు ఉండును. ఇవి విలువలేనివి, పిల్లలు ఆటలో వాడు చింతగింజల వంటివి. అసలు ఈథరియములో 12 సెకండ్లకు ఒక పుట చొప్పున చేరును. ఇచట పద్దు పంపిన మరుక్షణమే ఒక పుట తయారగును.

20 ఖాతాలు, 20 మంది సభ్యులు. గంభీరావుపేటలో 2023 ఫిబ్రవరి 1న ప్రారంభమైన కె.జి. నుండి పి.జి. వరకు గల విద్యాప్రాంగణములో ఒక విద్యార్థిని మన చిట్టీని ప్రోగ్రాముగా వ్రాసినదనుకొందము. మొదటి నెల పాట 3,550 రూపాయల తగ్గింపుతో ముగిసినది. 2019 చట్టసవరణ తరువాత కమీషను నూటికి 7 వరకు ఉండవచ్చును. ఇచట 5 అనుకొన్నచో అది 1,000 రూపాయలు. మిగిలిన 2,550 రూపాయలను 20 మందికి పంచవలెను. మనిషి 127 రూపాయల 50 పైసలని చెప్పును. కాని ఈథరియం ప్రోగ్రాములు వ్రాయు సాలిడిటీ భాష పూర్ణసంఖ్యలతోనే భాగహారము చేసి, శేషమును విడిచిపెట్టును. ఒక్కొక్కరికి 127 రూపాయలే చేరును. పంచినది 2,540. పది రూపాయలు కాంట్రాక్టులోనే ఉండిపోవును. వాటిని ఎవరికీయవలెనో నియమము వ్రాయలేదు గనుక ఎవరికిని రావు.

ప్రతి నెలయు ఇట్లే జరిగిన 19 పాటలకు 190 రూపాయలు. ఈ సంగతి తెలియుటకు 19 నెలలు వేచియుండనక్కరలేదు. స్థానిక గొలుసులో గడియారము మన చేతిలో ఉండును. 30 దినములు, అనగా 25,92,000 సెకండ్లు ముందుకు త్రిప్పుమని ఒక ఆజ్ఞ ఇచ్చినచో చాలును. చిట్టీ అంతయు కొన్ని క్షణములలో ముగియును. శేషము కంటబడును. పైసలలో లెక్కించినచో ఈ నెలకు సరిపోవును. కాని సభ్యులు 21 మంది అయినచో మరల శేషము మిగులును. కావున శేషము మరుసటి నెలకు చేరవలెనని నియమమే వ్రాయవలెను. వ్రాసి, గొలుసును ఆపి, మరల మొదటినుండి నడపవచ్చును. ఆపగానే పాత పుటలన్నియు మాయమగును.

ఇంతవరకు పరీక్షించినది సక్రమముగా నడచుకొను సభ్యులను మాత్రమే. తరగతిలో ఒకరికి దొంగ వేషము ఇచ్చుట మేలు. అతడు ఒకే నెలలో రెండుమార్లు పాడుటకు, ఒకమారు సొమ్ము పొంది మరల అడుగుటకు, చిట్టీ నడుపువారి ఆజ్ఞలను తానే ఇచ్చుటకు ప్రయత్నింపవలెను. పారిటీ ప్రోగ్రాము విషయమున ‘నేను యజమానిని కాగలనా?’ అను ప్రశ్న సకాలమున వేసి చూచినచో ఆ నష్టము కలిగియుండదు. స్థానిక గొలుసు అడిగినదానికి నిజము చెప్పును. అడుగనిదానిని చెప్పదు.

అడిగినను చెప్పలేని సంగతులు కొన్ని ఉన్నవి. ఒక్క నోడు గల గొలుసులో అభిప్రాయభేదము లేదు. కబురు ఆలస్యముగా చేరుట, ఒక నోడు ఆగిపోవుట, పద్దు వ్రాయుటకు పోటీ పెరిగి రుసుము పెరుగుట ఇవేవియు ఇచట కనుపించవు. ఒక్కరి చేతిలోనే యుండి, ఆపగానే చెరిగిపోవు పుస్తకమును బ్లాక్‌చెయిన్ అనుట నిజమునకు మర్యాద కొరకే. బ్యాంకుల వంటి సంస్థలు ఎక్కువగా వాడు హైపర్‌లెడ్జర్ ఫాబ్రిక్‌తో వచ్చు పరీక్షా వలయము కొంత నయము. అందు ఒకే కంప్యూటరులో రెండు వేర్వేరు సంస్థల నోడులును, పద్దులను వరుసలో పెట్టు నోడు ఒకటియు నడచును. రెండు పక్షములు ఒప్పుకొనుట అనగా ఏమో దానిలో చూడవచ్చును.

ఆ పిదప మెట్టు అనేకుల కంప్యూటర్లపై నడచు టెస్ట్‌నెట్. ఈథరియమునకు సెపోలియా అట్టిది. మన దేశములో, 2024 సెప్టెంబరు 4న కేంద్ర ఎలక్ట్రానిక్సు శాఖ విశ్వస్య అను బ్లాక్‌చెయిన్ వ్యవస్థను ప్రారంభించినది. దాని యంత్రములు భువనేశ్వరము, పుణె, హైదరాబాదులలోని జాతీయ సమాచార కేంద్రములలో ఉన్నవి. దానితోపాటు విద్యాసంస్థలును, కొత్త సంస్థలును ప్రయోగములు చేసికొనుటకై ఎన్.బి.ఎఫ్.లైట్ అను తేలికపాటి వేదికను వెలువరించిరి.

పాఠశాలలో ఈ ప్రయోగము చేయించు ఉపాధ్యాయులు ఒక జాగ్రత్త చెప్పవలెను. హార్డ్‌హ్యాట్ ఇచ్చు 20 ఖాతాల రహస్య కీలకములు రహస్యములు కావు. ప్రపంచములో ఎవరు నడిపినను అవే వచ్చును, తెరపైన అచ్చుపడును. కీలకము తెలిసినవారెవరైనను ఆ ఖాతానుండి సొమ్ము తీసికొనవచ్చును. కావున ఆ ఖాతాకు అసలు ఈథరియముపై ఎన్నడును నిజమైన సొమ్ము పంపరాదు. అట్టి సొమ్ము కొరకు కాచుకొనియున్న ప్రోగ్రాములు కలవు. పంపిన కొద్ది క్షణములలోనే అవి దానిని లాగుకొనును.