చెరువు కట్ట

తిమ్మాజిపేట నాగర్‌కర్నూలు జిల్లాలోని మండల కేంద్రము. ఈ పాలమూరు సీమకు అనావృష్టి చిరకాల శత్రువు. నైరృతి ఋతుపవనములు పడమటి కనుమలమీదనే అధికభాగము వర్షించి, ఇచ్చటికి బలహీనములై వచ్చును. ఎఱ్ఱని చల్క నేల తేమను నిలుపుకొనజాలదు. అడుగున కఠినశిల యుండుటచే బావినీరు పగుళ్ళయందే నిలుచును. కావున వాన తప్పినచో పైరును బావియు ఎండును. జనులు కూలికై వలసపోవుదురు. 1876–78 నాటి ధాత కరవు దక్కనును కబళించెను.

అట్లని వరదభయము లేదనుకొనరాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి అలంపురమును ముంచెను. నదికి దూరమైన ఊళ్ళకు సైతము చెరువు గండిపడు భయము కలదు.

పూర్వులు గొలుసుకట్టు చెరువులను నిర్మించిరి. పై చెరువు నిండి మత్తడి దూకిన నీరు క్రింది చెరువును జేరును. పూడిక నిండినచో చెరువున నీరు తగ్గి కరవు కలుగును. మత్తడి మూసికొనిపోయినచో నీరు కట్టపై పొర్లి గండికొట్టును. ఆ వెల్లువ క్రింది చెరువును సైతము తెంపవచ్చును. 2015లో తెలంగాణ ప్రభుత్వము ‘మిషన్ కాకతీయ’ పేర పూడిక తీయింప నారంభించెను. అయినను, ఏటేట మత్తడిని కాచుకొనవలసినది ఊరివారే.

విద్యార్థులారా! వానలకు ముందే మీ ఊరి మత్తడిని పెద్దలతో కలిసి చూచిరండు. కరవును వరదను ఆపు కట్ట ఒక్కటే.