భాగం - 6 : శరీరంలో నీరు, ఖనిజ లవణాల సమతుల్యత

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• శరీరంలో నీరు ఎక్కడెక్కడ, ఎంతెంత ఉంటుందో చెప్పగలుగుతారు.
• సోడియం, పొటాషియం లవణాలు నీటి కదలికను ఎలా నియంత్రిస్తాయో వివరించగలుగుతారు.
• విరేచనాలలో ఉప్పు, గ్లూకోజు కలిసిన నీరు ప్రాణాన్ని ఎలా కాపాడుతుందో వివరించగలుగుతారు.
• ఓఆర్‌ఎస్ ద్రావణాన్ని సరైన కొలతలతో తయారు చేయగలుగుతారు.

6.1 పరిచయం

మే నెల ఎండలో మధ్యాహ్నం వరకు మట్టిపని చేసిన కూలీని గమనించండి. దాహమైనప్పుడల్లా చెంబుల కొద్దీ నీళ్లు తాగుతాడు. అయినా సాయంత్రానికి పిక్కలు పట్టేస్తాయి, తల నొస్తుంది, వాంతి వచ్చినట్లు ఉంటుంది. అన్ని నీళ్లు తాగినా ఇలా ఎందుకు జరుగుతుంది? చెమటతో బయటకు పోయింది నీరు ఒక్కటే కాదు, ఉప్పు కూడా. పోయిన రెండింటిలో ఒక్కదాన్నే అతను తిరిగి తీసుకున్నాడు. నీరు, ఖనిజ లవణాలు శరీరంలో జంటగా పనిచేస్తాయి. ఈ భాగంలో మనం ఆ సంబంధాన్ని తెలుసుకుందాం.

6.2 శరీరంలో నీటి పంపిణీ

వయోజన పురుషుడి బరువులో సుమారు 60 శాతం నీరే. స్త్రీలలో కొవ్వు కణజాలం ఎక్కువ కాబట్టి నీటి శాతం కొంత తక్కువ. శిశువులలో ఇది 70 శాతానికి పైగా ఉంటుంది. 70 కిలోల బరువున్న పురుషుడి శరీరంలో దాదాపు 42 లీటర్ల నీరు ఉంటుందనుకుంటే, అందులో 28 లీటర్లు కణాల లోపల, 14 లీటర్లు కణాల వెలుపల ఉంటాయి. వెలుపలి 14 లీటర్లలో రక్తనాళాలలో ప్లాస్మా రూపంలో తిరిగేది సుమారు 3 లీటర్లు మాత్రమే. విరేచనాల వల్ల గానీ, విపరీతమైన చెమట వల్ల గానీ ఈ కొద్దిపాటి ద్రవం తగ్గితే రక్తపోటు పడిపోతుంది. మూత్రపిండాలకు, మెదడుకు రక్తం సరిగా అందదు. చిన్న పిల్లల శరీరంలో మొత్తం ద్రవమే తక్కువ కాబట్టి వారికి ఈ ప్రమాదం గంటల వ్యవధిలోనే రావచ్చు.

6.3 లవణాలు నీటిని ఎలా కదిలిస్తాయి?

మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు కలిపి ఉంచితే ఊట దిగుతుంది. ఆ నీరు ముక్కల లోపలి నుంచి ఉప్పు ఎక్కువగా ఉన్న వైపుకు వచ్చింది. దీనినే ద్రవాభిసరణ అంటారు. మన కణాల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

కణాల వెలుపలి ద్రవంలో ప్రధాన లవణం సోడియం. కణాల లోపల ప్రధానమైనది పొటాషియం. కణత్వచంలోని సోడియం-పొటాషియం పంపు ప్రతిసారీ 3 సోడియం అయానులను బయటకు పంపి, 2 పొటాషియం అయానులను లోపలికి తెస్తుంది. నాడీ ప్రచోదనాలు సాగడానికి, గుండె లయబద్ధంగా కొట్టుకోవడానికి, కండరాలు సంకోచించడానికి ఈ తేడాయే ఆధారం.

రక్తంలో సోడియం సాధారణంగా లీటరుకు 135–145 మిల్లీమోల్‌లు ఉంటుంది. నీరు తక్కువైతే ఈ గాఢత పెరిగి, కణాల నుంచి నీరు బయటకు వస్తుంది. అప్పుడు మెదడులోని హైపోథలామస్ దాహాన్ని కలిగిస్తుంది. వాసోప్రెస్సిన్ అనే హార్మోను మూత్రంలో పోయే నీటిని తగ్గిస్తుంది. అందుకే అటువంటప్పుడు మూత్రం ముదురు పసుపు రంగులో, కొద్దిగా వస్తుంది. ఉప్పును నిలుపుకొనే పనిలో అధివృక్క గ్రంథుల నుంచి వచ్చే ఆల్డోస్టిరోన్ తోడ్పడుతుంది.

ఇందుకు విరుద్ధంగా, ఉప్పు పోయిన శరీరంలోకి వట్టి నీరే ఎక్కువగా చేరితే సోడియం గాఢత తగ్గుతుంది. నీరు కణాలలోకి చొరబడి అవి ఉబ్బుతాయి. మెదడు కణాలు ఉబ్బితే తలనొప్పి, వాంతులు, అయోమయం కలుగుతాయి. తీవ్రమైతే మూర్ఛ కూడా రావచ్చు. పరిచయంలో చెప్పిన కూలీ నీటితోపాటు ఉప్పు వేసిన మజ్జిగ గానీ, గంజి గానీ తాగి ఉంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పేది. కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది గానీ సోడియం తక్కువ.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
కణాల లోపల, వెలుపల ఉండే ప్రధాన లవణాలు ఏవి?

6.4 విరేచనాలు - ఉప్పు, గ్లూకోజుల జంట

విరేచనాలు అవుతున్నప్పుడు నీళ్లు తాగిస్తే అవి ఇంకా ఎక్కువవుతాయని కొన్ని ఇళ్లలో పిల్లలకు నీళ్లు మాన్పిస్తారు. ఇది ప్రాణాంతకమైన పొరపాటు. విరేచనాలలో ప్రేగు దెబ్బతిన్నా, అందులో ఒక ద్వారం సాధారణంగా పనిచేస్తూనే ఉంటుంది. సోడియం, గ్లూకోజు కలిసి వస్తే ప్రేగు గోడ రెండింటినీ ఒకేసారి లోపలికి తీసుకుంటుంది. వాటి వెంట నీరు కూడా వెళుతుంది. ఈ విషయాన్ని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించారు.

1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌కు శరణార్థులు వేల సంఖ్యలో వచ్చారు. శిబిరాలలో కలరా వ్యాపించింది. నరానికి ఎక్కించే సెలైను నిల్వలు అయిపోతుండగా, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, తినే సోడా కలిపిన నీటిని రోగుల బంధువుల చేతికే ఇచ్చి తాగించారు. అక్కడ సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి. ఆయన మరణానంతరం 2023లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

6.5 ద్రావణం తయారీలో జాగ్రత్తలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి.

1. పొట్లం ఎంత నీటికో దానిపై చదివి, మొత్తం పొడిని ఒకేసారి అంత నీటిలోనే కలపాలి. లీటరు పొట్లంలో కొంత పొడిని అంచనాగా గ్లాసులో వేస్తే కొలత తప్పుతుంది. ఉప్పు ఎక్కువైతే హాని, తక్కువైతే ప్రయోజనం ఉండదు.
2. కాచి చల్లార్చిన నీరు వాడాలి. కలిపిన తరువాత మరిగించకూడదు. అదనంగా చక్కెర వేయకూడదు.
3. కలిపిన ద్రావణాన్ని 24 గంటలలోపు వాడి, మిగిలినది పారబోయాలి.
4. పొట్లం దొరకకపోతే లీటరు నీటిలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. టీ చెంచాతో, తలగొట్టి కొలవాలి.
5. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. తల్లిపాలు, ఆహారం మానకూడదు.

తియ్యని పానీయాలు ఓఆర్‌ఎస్‌కు బదులు కావు. వాటిలో చక్కెర ఎక్కువ, సోడియం తక్కువ కాబట్టి విరేచనాలు ముదరవచ్చు. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఈ విషయమై ఏళ్ల తరబడి పోరాడారు. సరైన సూత్రం లేని పానీయాల పేర్లలో ‘ఓఆర్‌ఎస్’ అనే మాట వాడరాదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది.

పిల్లవాడు మగతగా ఉన్నా, తాగలేకపోయినా, కళ్లు లోతుకు పోయినా, పొట్టపై చర్మాన్ని పట్టి వదిలితే నెమ్మదిగా వెనక్కి వెళ్లినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. దారిలోనూ తాగగలిగితే ద్రావణం పడుతూ ఉండాలి.

6.6 సారాంశం

శరీరంలోని నీరు ఏ వైపుకు కదలాలో లవణాలే నిర్ణయిస్తాయి. నీరు, ఉప్పు రెండూ పోయినప్పుడు రెండింటినీ తిరిగి ఇవ్వాలి. అయితే చెమటపట్టని రోజువారీ జీవితంలో అదనపు ఉప్పు అవసరం లేదు. పెద్దలకు రోజుకు మొత్తం 5 గ్రాముల లోపు చాలు. రక్తపోటు, మూత్రపిండాలు లేదా గుండె జబ్బు ఉన్నవారు నీరు, ఉప్పుల విషయంలో వైద్యుల సలహా పాటించాలి.

6.7 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. ద్రవాభిసరణను ఒక ఉదాహరణతో వివరించండి.
2. ఓఆర్‌ఎస్‌లో ఉప్పుతోపాటు గ్లూకోజు ఎందుకు ఉండాలి?
3. మీ ఊరిలో ఓఆర్‌ఎస్ ద్రావణాన్ని ఎలా కలుపుతున్నారో మూడు ఇళ్లలో గమనించి, కనిపించిన పొరపాట్లను రాయండి.