కెమిస్ట్రీ మనిషా, బయాలజీ మనిషా?

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సు దాటి ద్వారకా నగర్ లేన్లలోకి అడుగుపెడితే ఏ మేడ చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. బ్యాంకు, గ్రూప్స్, ఎస్సై, డీఎస్సీ ఏది కావాలన్నా దొరుకుతుంది. వీటి నడుమ యూనివర్సిటీ లెక్చరర్ కావాలని ఏళ్ళ తరబడి చదివేవాళ్ళూ ఉంటారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2010 నిబంధనల నాటికే ఆ పోస్టు పేరు అసిస్టెంట్ ప్రొఫెసర్ అయిపోయినా జనం నోట ఇప్పటికీ లెక్చరరే. ఏ పోస్టుకైనా ఇక్కడ పోటీ ఉంది, దారీ ఉంది. కెమికల్ బయాలజీ చదివినవాళ్ళకు మాత్రం దారి మొదట్లోనే చీలిపోతుంది.

ఇంతకీ ఏమిటీ సబ్జెక్టు? కెమిస్ట్రీ ల్యాబులో తయారుచేసిన అణువునే పనిముట్టుగా పట్టుకుని జీవకణం లోపల ఏం జరుగుతోందో తేల్చే విద్య ఇది. కణం మీద ఉండే చక్కెర అణువులకు, ఆ కణం పనికి అడ్డు రాకుండా, మెరిసే గుర్తులు తగిలించే రసాయన చర్యలను కరోలిన్ బెర్టోజీ కనిపెట్టారు. ఆ కృషికి 2022లో మరో ఇద్దరితో కలిసి కెమిస్ట్రీ నోబెల్ అందుకున్నారు.

కెమికల్ బయాలజీ అన్న పేరు వాడుకలోకి రాకముందే మన తెలుగువాడొకరు ఈ పని చేశారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని బయటపెట్టారు. అంతటివాడికీ హార్వర్డ్‌లో శాశ్వత అధ్యాపక పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళిపోయారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దాని నిర్మాణాన్ని కాస్త మార్చి, కణాన్ని ఏమార్చే అణువులను సృష్టించింది. లుకేమియా పిల్లలకు సిడ్నీ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్ అలా వచ్చిందే. నియామక సంఘాలు ఎవరిని వదులుకోగలవో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

ఇక ఇప్పటి సంగతి. లెక్చరర్ పోస్టుకు జాతీయ అర్హత పరీక్ష అయిన సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో ఉన్నవి అయిదే సబ్జెక్టులు. అందులో కెమికల్ సైన్సెస్ వేరు, లైఫ్ సైన్సెస్ వేరు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, ప్రొటీన్ల మీద పీహెచ్‌డీ చేసిన అభ్యర్థి క్వాంటం కెమిస్ట్రీ మళ్ళీ మొదటినుంచీ బట్టీ పట్టాలి, లేదంటే మొక్కల శరీరధర్మం, జీవావరణం కొత్తగా నేర్చుకోవాలి. ఆంధ్రా యూనివర్సిటీ నిర్వహించే రాష్ట్ర అర్హత పరీక్ష ఏపీ సెట్‌లోనూ ఇదే చీలిక. పీహెచ్‌డీ ఉంటే చాలదా అంటే, ఆ నిబంధనే కుదురుగా లేదు. యూనివర్సిటీ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి అని 2018లో రాసుకున్నారు, కొన్నాళ్ళు వాయిదా వేశారు, 2023 జులైలో నెట్ లేదా సెట్ కనీస అర్హతగా చాలునన్నారు.

తరువాత మార్కుల పట్టిక. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం డిగ్రీకి గరిష్ఠంగా 15, పీజీకి 25, పీహెచ్‌డీకి 30, జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్)తో నెట్‌కు 7, పరిశోధన పత్రాలకు 10, అనుభవానికి 10, అవార్డులకు 3. మొత్తం నూరు. అసలు కిటుకు ఆ తరువాతి వాక్యంలో ఉంది. ఈ నూరు మార్కులు ఇంటర్వ్యూకు పిలవడానికే. ఎంపిక పూర్తిగా ఇంటర్వ్యూలో ప్రతిభను బట్టే. అంటే పదేళ్ళ చదువు గుమ్మం దాకా తీసుకువస్తుంది, ఆ పైన అంతా గదిలో కూర్చున్నవాళ్ళ చేతిలో ఉంటుంది. వైస్ చాన్సలర్, డీన్, శాఖాధిపతి, ముగ్గురు సబ్జెక్టు నిపుణులు ఆ గదిలో ఉంటారు. ఆ ముగ్గురూ ఆర్గానిక్ కెమిస్టులైతే కణాల గురించి అడిగేవారెవరు? జీవశాస్త్రజ్ఞులే అయితే సింథసిస్ విలువ కట్టేదెవరు? ఫలానావాడు మా సబ్జెక్టు కాడు అన్న ఒక్క మాట చాలు, ఫైలు పక్కకు పోవడానికి.

అసలు ఆ గది దాకా రావడమే అరుదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 అక్టోబరు చివర్లో రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టుల భర్తీకి నోటిఫికేషన్లు ఇప్పించింది. అందులో 2,001 అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థాయివి. ఆ వ్యవహారం కోర్టుకెక్కింది. కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకులతో క్లాసులు నెట్టుకురావడం చాలా క్యాంపస్‌లకు అలవాటైపోయింది.

ఇదే విశాఖలో ఒకప్పుడు మరోలా జరిగింది. ఆంధ్రా యూనివర్సిటీకి సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ చాన్సలర్‌గా ఉన్న రోజుల్లో, 1933లో, టి.ఆర్. శేషాద్రిని సీనియర్ లెక్చరర్‌గా తీసుకుని కెమిస్ట్రీ శాఖ అప్పగించారు. ఆయన మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పీహెచ్‌డీ చేసినవారు. గ్రాజ్‌లో ఫ్రిట్జ్ ప్రెగ్ల్ దగ్గర, చిటికెడు పదార్థాన్నీ విశ్లేషించే పద్ధతి నేర్చుకున్నారు. తిరిగొచ్చాక కోయంబత్తూరు వ్యవసాయ పరిశోధన సంస్థలో పనిచేశారు. ఈ కాగితాలు నేటి నిపుణుల ముందు పెడితే, కెమిస్ట్రీయా వ్యవసాయమా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. శేషాద్రి విశాఖలోని వాల్తేరు క్యాంపస్‌లో పత్తి పూలకు రంగు ఎలా వస్తుందో తేల్చే పని పెట్టుకున్నారు. మొక్కల్లోని ఫ్లేవనాయిడ్ల మీద ఒక పరిశోధక బృందాన్నే తయారుచేశారు. 1937కల్లా ప్రొఫెసర్ అయ్యారు. 1942లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక యూనివర్సిటీ గుంటూరుకు తరలినా ఆ పని ఆగలేదు. 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు, 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఆయన శిష్యుడు ఎల్. రామచంద్ర రావు వాల్తేరులోనే సహజ పదార్థాల రసాయనాన్ని కొనసాగించారు.

అప్పుడు ఇప్పటి రిజర్వేషన్ రోస్టర్ లేదు, స్క్రీనింగ్ పరీక్ష లేదు. ఒకరిద్దరు పెద్దల మాటే చెల్లేది. ఆ పద్ధతి మళ్ళీ కావాలని ఎవరూ కోరరు. దానివల్ల బయటే ఉండిపోయినవాళ్ళ పేర్లు చరిత్రకు ఎక్కలేదు. నేటి నిబంధనల్లోనే చేయదగ్గవి ఉన్నాయి. అనుబంధ సబ్జెక్టులో పీజీ చేసినవారూ అర్హులేనని 2018 నిబంధనలే అంటున్నాయి. ఆ అనుబంధ సబ్జెక్టులు ఏవో నోటిఫికేషన్‌లోనే పేరుపేరునా రాయాలి. నిపుణుల్లో ఒకరైనా రెండు శాస్త్రాలూ తెలిసినవారై ఉండాలి. ఇంటర్వ్యూ గదికి ముందు విద్యార్థుల ఎదుట ఒక క్లాసు చెప్పించాలి. వీటిలో దేనికీ కొత్త చట్టం అవసరం లేదు, యూనివర్సిటీ పాలకమండలి తీర్మానం చాలు.