పదార్థం, పద్యం, జ్ఞాపకం

చైతన్యం పదార్థం నుంచే పుట్టిందని మనం తరచు రాస్తూ ఉంటాం. ఎలా పుట్టిందని ఎవరైనా అడిగితే, నీరు ఆవిరి కావడాన్ని చూపి, పరిమాణాత్మకమైన మార్పు గుణాత్మకమైన మార్పు అవుతుందని చెప్పి ఊరుకుంటాం. ఆ సూత్రం తప్పు కాదు. కాని సూత్రాన్ని వల్లిస్తే వివరించినట్టు కాదు. ఆ "ఎలా"కు కొంత సమాధానం సాంఖ్యక భౌతికశాస్త్రంలో ఉంది. నేను తెలుగు పంతుల్ని. నాకర్థమైన మేరకు చెబుతాను.

ఇనుమును తీసుకుందాం. వేడి 770 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే దాని పరమాణువులనే చిట్టి అయస్కాంతాలు తలో దిక్కుకు తిరుగుతుంటాయి. అంతకన్న చల్లబడితే పక్కపక్కవి ఒకే దిక్కుకు నిలుస్తాయి. వాటికి ఆజ్ఞ ఇచ్చేవాడు లేడు. ప్రతిదీ తన ఇరుగుపొరుగుకే లొంగుతుంది. పరమాణువులు అవే, వేడి పుట్టించే అలజడిపై వాటి పరస్పర సంబంధం పైచేయి సాధించింది, అంతే.

1982లో జాన్ హాప్‌ఫీల్డ్ ఈ అయస్కాంతాల లెక్కనే జ్ఞాపకానికి వర్తింపజేశాడు. 2024లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన నమూనాలో ప్రతి నాడీకణానికీ రెండే స్థితులు. మిగతా కణాల ప్రభావాన్నంతా కూడుకుని అది తన స్థితిని నిర్ణయించుకుంటుంది. అలా మారినకొద్దీ మొత్తం అల్లిక శక్తి తగ్గుతూ, నీరు పల్లానికి చేరినట్టు, ఒకచోట కుదురుకుంటుంది. ఆ పల్లాలే జ్ఞాపకాలు. తరగతిలో నేను పద్యం మొదటి పాదం అందిస్తే పిల్లవాడు మిగతా మూడూ అప్పజెప్పడం ఇలాంటిదే. పద్యం ఏ ఒక్క కణంలోనూ లేదు. కణాల మధ్య సంబంధాలలో ఉంది. ఈ అల్లికకూ హద్దుంది. వెయ్యి కణాలలో సుమారు 138 జ్ఞాపకాలకు మించి కుక్కితే అన్నీ కలగాపులగమవుతాయని 1985లో ఇజ్రాయెల్ భౌతికశాస్త్రజ్ఞులు గణించారు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. "సంఘం కూడా ఇలాగే తనంత తాను సర్దుకుంటుంది, మీ పోరాటాలెందుకు?" అనేవాళ్లు ఉంటారు. హాప్‌ఫీల్డ్ నమూనాలో మొదటి కణం రెండోదానిపై ఎంత ప్రభావం చూపుతుందో, రెండోది మొదటిదానిపై అంతే చూపుతుంది. భూస్వామికీ కూలీకీ మధ్య ఆ సమానత ఎక్కడుంది?

రెండోది నా స్వానుభవం. పద్యం అప్పజెప్పలేదని ఒకనాడు ఒక పిల్లవాణ్ణి బెత్తంతో కొట్టాను. వాడికి ఎందుకు గుర్తు రాలేదో ఈ లెక్క కొంత చెప్పవచ్చు. ఆ దెబ్బ వాడికి ఎలా తగిలిందో చెప్పదు. అందుకని ఆత్మవాదాన్ని ఆశ్రయించనక్కర లేదు. శాస్త్రం చేయవలసిన పని ఇంకా ఉందని ఒప్పుకుంటే చాలు. ఈలోగా ఆ దెబ్బ సంగతి చెప్పవలసిన బాధ్యత సాహిత్యానిది. సంబంధాలను వదిలి వ్యక్తినొక్కణ్ణే చూసే విమర్శా, అనుభవాన్ని వదిలి సూత్రాన్నే చూసే విమర్శా రెండూ అరకొరవే.