ఫ్రిజ్‌ను చెక్క బాక్స్‌లో బిగించేస్తున్నారా? ముందు గాలికి దారి ఉందో లేదో చూసుకోండి!

కొత్త ఫ్లాట్ కొన్నారు. మాడ్యులర్ కిచెన్ చేయిస్తున్నారు. ఇంటీరియర్ వాళ్లు చూపించిన 3డీ డిజైన్‌లో అసలు ఫ్రిజ్ ఎక్కడుందో కనిపించదు. కప్‌బోర్డ్ తలుపుల్లో కలిసిపోయి ఉంటుంది. చూడ్డానికి భలే ఉందే అని ఓకే చెప్పేస్తారు. తీరా షోరూమ్‌కి వెళ్తే బిల్ట్-ఇన్ ఫ్రిజ్ ధర మామూలు ఫ్రిజ్ కంటే చాలా ఎక్కువ. "ఏం పర్లేదు మేడమ్, మీ ఫ్రిజ్‌కే చుట్టూ బాక్స్ కట్టేద్దాం" అంటాడు కార్పెంటర్. సమస్య మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

ఫ్రిజ్ అంటే చల్లదనాన్ని తయారుచేసే మెషీన్ అనుకుంటాం. నిజానికి అది లోపలి వేడిని లాగి బయట పారేసే పంపు. కూరగాయలు, పాలు, అన్నం గిన్నెలోని వేడితో పాటు కంప్రెసర్ తిన్న కరెంటు కూడా చివరికి వేడిగా మారి వంటగదిలోకే రావాలి. ఆ వేడి బయటకు పోయే దారి మూసేస్తే ఏమవుతుంది? బాక్స్‌లో గాలి వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి మళ్లీ వేడిని తోయడానికి కంప్రెసర్ ఇంకా కష్టపడుతుంది, దాంతో ఇంకా వేడి పుడుతుంది. కరెంటు బిల్లు పెరుగుతుంది, పాలు త్వరగా విరిగిపోతాయి, కంప్రెసర్ ఆయుష్షు తగ్గుతుంది. ఆ పక్కనే ప్లైవుడ్, లామినేట్, వైర్లు కూడా ఉన్నాయని మర్చిపోకూడదు.

మామూలు ఫ్రిజ్ వేరు.. బిల్ట్-ఇన్ వేరు

పాత ఫ్రిజ్‌ల వెనుక నల్లటి జాలీ లాంటి గొట్టాలు ఉండేవి గుర్తుందా? వేడి అక్కడి నుంచే పోయేది. ఇప్పుడు వస్తున్న చాలా మోడళ్లలో ఆ గొట్టాలు పక్క గోడల లోపల దాగి ఉంటున్నాయి. ఎండాకాలంలో ఫ్రిజ్ పక్కన చెయ్యి పెడితే వేడిగా తగిలేది అందుకే. అది రిపేర్ కాదు, దాని పనే అది. మరి అలాంటి ఫ్రిజ్‌కు రెండు పక్కలా ప్లైవుడ్ ఆనించి పెడితే వెనుక ఎంత ఖాళీ వదిలినా లాభం లేదు. అందుకే మామూలు ఫ్రిజ్ మాన్యువల్‌లో పక్కల ఇంత, వెనుక ఇంత, పైన ఇంత అని విడివిడిగా కొలతలు ఇస్తారు. వాటికి తగ్గట్టు మూడు వైపులా చోటు వదిలి, ముందు తలుపు లేకుండా ఉంచితే ఫర్వాలేదు. ఫ్రిజ్ ముందు కూడా అలంకారానికి చెక్క తలుపు పెడతామంటే మాత్రం ఒప్పుకోవద్దు.

బిల్ట్-ఇన్ ఫ్రిజ్‌ను మొదటి నుంచే వేరేగా డిజైన్ చేస్తారు. ఎక్కువ మోడళ్లలో చల్లగాలి కింద ఉండే స్కర్టింగ్ దగ్గర లోపలికి వెళ్లి, ఫ్రిజ్ వెనుక నుంచి పైకి పాకి, బాక్స్ పైభాగం నుంచి బయటకు వస్తుంది. పొగగొట్టం లాంటి ఏర్పాటన్నమాట. కొన్ని మోడళ్లు కింద ముందు వైపు నుంచే పీల్చి అక్కడే వదులుతాయి. మీది ఏ రకమో తెలియకుండా చెక్కపని మొదలుపెట్టొద్దు. అంటే ముందు ఫ్రిజ్ మోడల్ ఖరారు కావాలి, దాని ఇన్‌స్టలేషన్ డ్రాయింగ్ కార్పెంటర్ చేతికి వెళ్లాలి, ఆ తర్వాతే బాక్స్. మన ఇళ్లల్లో ఎక్కువగా జరిగేది దీనికి రివర్స్!

పొడవైన బిల్ట్-ఇన్ ఫ్రిజ్‌లకు యూరప్ కొలతల ప్రకారం బాక్స్ లోపలి వెడల్పు 56 సెంటీమీటర్లు, లోతు 55 నుంచి 56, ఎత్తు దాదాపు 178 సెంటీమీటర్లు ఉంటుంది. గాలి వచ్చే దారి, పోయే దారి ఒక్కొక్కటీ కనీసం 200 చదరపు సెంటీమీటర్లు ఉండాలని చాలా మాన్యువల్స్ చెబుతాయి. లెక్క వేస్తే 56 సెంటీమీటర్ల వెడల్పు పొడవునా సుమారు 4 సెంటీమీటర్ల ఎత్తు సందు. ఇక్కడ ఒక మెలిక ఉంది. అందం కోసం ఆ సందుకు జాలీ బిగిస్తారు. జాలీలో సగం భాగం లోహమే అయితే గాలికి దొరికేది సగమే కదా? అప్పుడు సందు రెట్టింపు ఉండాలి. 200 అనేది రంధ్రాల లెక్క, జాలీ సైజు లెక్క కాదు.

మన ఎండలకు సరిపోతుందా?

ఫ్రిజ్ లోపల అతికించి ఉండే స్టిక్కర్‌పై 'క్లైమేట్ క్లాస్' అని ఉంటుంది. కొనేటప్పుడు స్టార్ రేటింగ్ చూస్తాం కానీ దీన్ని ఎవరూ పట్టించుకోరు. 'ఎన్' అంటే గది ఉష్ణోగ్రత 32 డిగ్రీల వరకు, 'ఎస్‌టీ' అంటే 38 వరకు, 'టీ' అంటే 43 డిగ్రీల వరకు ఫ్రిజ్ సరిగ్గా పనిచేస్తుందని అర్థం. బయటి నుంచి దిగుమతయ్యే బిల్ట్-ఇన్ మోడళ్లలో కొన్ని 'ఎస్‌టీ' దగ్గరే ఆగిపోతాయి. మే నెలలో రామగుండం, విజయవాడ వైపు ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. పైగా ఇక్కడ లెక్కలోకి వచ్చేది బాక్స్ లోపలి గాలి. అది వంటగది కంటే కూడా వేడిగా ఉంటుంది. కాబట్టి మన దగ్గర 'టీ' క్లాస్ లేని బిల్ట్-ఇన్ కొనకపోవడమే మంచిది. పక్కనే బిల్ట్-ఇన్ ఒవెన్ పెట్టే ప్లాన్ ఉంటే, రెండింటి మధ్య ఎంత దూరం ఉండాలో మాన్యువల్‌లో చూడాలి.

ప్లగ్ చేతికి అందాలి

బాక్స్ కట్టేశాక ఎలక్ట్రీషియన్ సాకెట్‌ను ఎక్కడ పెట్టాడో చూశారా? చాలా ఇళ్లల్లో సరిగ్గా ఫ్రిజ్ వెనకే ఉంటుంది. ఏదైనా కాలిన వాసన వస్తే ప్లగ్ తీయాలంటే ముందు ఫ్రిజ్ బయటకు లాగాలి. స్క్రూలతో బిగించిన ఫ్రిజ్‌ను ఆ టైంలో లాగగలరా? అందుకే సాకెట్, స్విచ్ పక్క కప్‌బోర్డ్‌లో పెట్టించండి. ఫ్రిజ్‌కు విడిగా లైన్, విడిగా ఎంసీబీ ఉండాలి. ఇంటికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే షాక్ తగిలినప్పుడు ప్రాణం కాపాడేది అదే. ఎక్స్‌టెన్షన్ బాక్స్, టూ-పిన్ అడాప్టర్ అస్సలు వద్దు. స్టెబిలైజర్ వాడితే దాన్ని కూడా ఆ బాక్స్‌లోకే తోసేయకండి, దాని వేడి దానికుంటుంది. హ్యాండిల్ ముట్టుకుంటే చిన్నగా 'జిల్లు'మంటోందా? చెప్పులు వేసుకుని సర్దుకుపోయే విషయం కాదది. మెయిన్ ఆపేసి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించాలి.

ఒక్క ఫ్రిజ్ ఏం చేస్తుందిలే అనుకునేవాళ్లకు లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ గుర్తుండాలి. 2017 జూన్ 14న 72 మంది ప్రాణాలు తీసిన ఆ మంట, నాలుగో అంతస్తు ఫ్లాట్ వంటగదిలోని ఫ్రిజ్ దగ్గర మొదలైంది. విద్యుత్ లోపమే కారణమని విచారణలో తేలింది. అది బాక్స్‌లో బిగించిన ఫ్రిజ్ కాదు, మంట అంతలా వ్యాపించింది కూడా భవనం బయట అతికించిన షీట్ల వల్ల. అయినా మొదటి నిప్పు మాత్రం వంటింటిదే.

ఫ్రిజ్‌లో ఉండేదీ మండే గ్యాసే

ఇప్పుడొస్తున్న ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా 'ఆర్-600ఏ' అనే గ్యాస్ వాడుతున్నారు. అసలు పేరు ఐసోబ్యూటేన్, అంటే మన వంటగ్యాస్‌కు దగ్గరి చుట్టం. ఓజోన్‌కు హాని చేయదు, కరెంటు తక్కువ తింటుంది. కానీ మండుతుంది. భయపడాల్సినంత గ్యాస్ ఉండదు లెండి. వంటగ్యాస్ సిలిండర్‌లో 14.2 కిలోలు ఉంటే, ఫ్రిజ్‌లో ఉండేది సాధారణంగా వంద గ్రాముల లోపే.

గాలిలో ఈ గ్యాస్ 1.8 శాతం దాటితేనే నిప్పంటుకుంటుంది. 50 గ్రాములు లీకైతే సుమారు 20 లీటర్ల గ్యాస్ అవుతుంది. 20 వేల లీటర్ల గాలి ఉండే మామూలు వంటగది అంతటా అది కలిసిపోతే 0.1 శాతమే. కానీ గాలి ఆడని బాక్స్‌లో, ఫ్రిజ్ వెనుక మిగిలిన కొద్దిపాటి చోటులో చేరితే? ఆ 1.8 శాతం దాటడం పెద్ద కష్టం కాదు. పైగా ఇది గాలి కంటే బరువు, కిందే పేరుకుంటుంది. వంటగ్యాస్‌కు కలిపినట్టు దీనికి ఘాటైన వాసన కలపరు, కాబట్టి ముక్కుకు తెలియదు. అంటే గాలి దారి వదలడం కరెంటు బిల్లు కోసమే కాదన్నమాట.

అందుకే గొట్టం చిల్లు పడే పనులేవీ చేయొద్దు. డైరెక్ట్ కూల్ ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ఐసును కత్తితో పొడవడం, బిగించాక బాక్స్ వెనుక గోడకు డ్రిల్లింగ్ చేయడం లాంటివి. 'సుయ్' మని శబ్దం వచ్చినా, గ్యాస్ లీకైందని అనుమానం వచ్చినా పొయ్యి ఆపి, కిటికీలు తెరిచి, అందరూ బయటకు రావాలి. ఆ సమయంలో అక్కడి స్విచ్‌లు వేయడం, ఆపడం, ప్లగ్ లాగడం వద్దు. చిన్న నిప్పురవ్వ చాలు. మెకానిక్ వస్తే 'ఇది ఆర్-600ఏ' అని ముందే చెప్పండి. లోపలి గ్యాస్ పూర్తిగా తీయకుండా వెల్డింగ్ మంట పెట్టేవాళ్లను, వేరే గ్యాస్ నింపుతామనేవాళ్లను ఫ్రిజ్ దగ్గరికి రానివ్వొద్దు.

బిగించే రోజు చూసుకోవాల్సినవి

ఫ్రిజ్‌ను పడుకోబెట్టి తెచ్చి ఉంటే వెంటనే స్విచ్ వేయకండి. కంప్రెసర్ ఆయిల్ కిందికి దిగడానికి మాన్యువల్‌లో చెప్పినన్ని గంటలు నిలబెట్టి ఉంచాలి. బాక్స్ లెవెల్‌గా ఉండాలి. బిల్ట్-ఇన్ ఫ్రిజ్‌ను కంపెనీ ఇచ్చిన బ్రాకెట్లతో బాక్స్‌కు, బాక్స్‌ను గోడకు కచ్చితంగా బిగించాలి. రెండు తలుపులూ ఒకేసారి తెరిచినప్పుడు బరువంతా ముందుకు వస్తుంది, పిల్లలు తలుపు పట్టుకుని వేలాడితే మీద పడే ప్రమాదం ఉంది. ముందు అతికించే చెక్క తలుపుకూ బరువు పరిమితి ఉంటుంది. దాన్ని దాటితే తలుపు జారి సరిగ్గా మూసుకోదు, రబ్బరు దగ్గర చెమట పడుతుంది.

అన్నీ అయ్యాక ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. మధ్య అరలో గ్లాసు నీళ్లు, అందులో థర్మామీటర్ పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున 4, 5 డిగ్రీలు చూపించాలి. ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి. కంప్రెసర్ నడుస్తున్నప్పుడు గాలి బయటకు వచ్చే సందు దగ్గర చెయ్యి పెడితే గోరువెచ్చని గాలి తగలాలి. ఏమీ తగలకపోతే ఎక్కడో అడ్డుంది.

ఆరు నెలలు పోయాక ఆ అడ్డు పెట్టేది తరచూ మనమే. ఫ్రిజ్ బాక్స్ పైన ఖాళీ కనిపిస్తే పిండివంటల డబ్బాలు, ప్లాస్టిక్ కవర్లు, పాత గిన్నెలు చేరిపోతాయి. కింద జాలీకి పోపు జిడ్డు, దుమ్ము కలిసి తెట్టు కట్టేస్తుంది. నెలకోసారి స్విచ్ ఆపి, పొడి బ్రష్‌తో ఆ జాలీని దులపండి. వెచ్చగా ఉంటుందని ఎలుకలు, బొద్దింకలు బాక్స్ వెనుకకు చేరతాయి. వైర్ కొరికిందేమో టార్చ్ వేసి చూడండి.

ఒకవేళ బాక్స్ నుంచి పొగ గానీ, కాలిన వాసన గానీ వస్తే తలుపు తెరిచి లోపల ఏముందో చూడొద్దు. మెయిన్ ఆపేసి, ఇంట్లో అందరినీ బయటకు పంపి, 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. కరెంటు ఉన్న ఫ్రిజ్ మీద నీళ్లు పోయొద్దు.