పట్టణమునకు పోవువారి ప్రొద్దుటి ఫలహారము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల ప్రజలకు మహానగరమనగా ముందు స్ఫురించునది బెంగుళూరు. ఈ మూడు పట్టణములకును అది 100 కిలోమీటర్లకు కొంచెము అటునిటుగా నున్నది. కుప్పమువారు బంగారుపేట మీదుగా రైలులో పోవుదురు. మదనపల్లెవారు చింతామణి, హొసకోట మార్గమునను, పుంగనూరువారు ముళబాగిలు, కోలారు మార్గమునను బస్సులలో పోవుట వాడుక. సరకుల బేరము, పిల్లల చదువు, కూలిపని, బంధువుల దర్శనము మున్నగు పనులు అనేకములు కలవు. అయినను వీటన్నిటిలో వాయిదా వేయరానిది వైద్యము. 1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయరోగుల శానటోరియము వెలసిన పిమ్మట దూరప్రాంతముల రోగులు మన సీమకు వచ్చెడివారు. నేడు మనవారు గుండెజబ్బులకు జయదేవకును, పుట్టకురుపు వ్యాధికి కిద్వాయికిని, నరముల జబ్బులకు నిమ్హాన్సునకును పోవుచున్నారు.

ఇట్టి ప్రయాణము తెల్లవారుజామున మొదలగును. రోగితో పోవువారు కోడి కూయకమునుపే లేచి బస్సు పట్టుకొందురు. ఎనిమిది గంటలకు నగరము చేరి, నేరుగా ఆసుపత్రి చీటీల వరుసలో నిలుచుందురు. "మొదట చీటీ కానిండు, తరువాత చూతము" అని ఫలహారమును ప్రక్కకు నెట్టుదురు. ఆ తరువాత అనునది మధ్యాహ్నము రెండు గంటలకు గాని రాదు. ఇందుకు తీరిక లేకుండుట ఒక కారణము. అంతకంటె పెద్ద కారణము భయము. బల్ల ముందు కూర్చుండినచో బిల్లు ఎంత వచ్చునో, మందులకు తెచ్చిన పైకము చాలదేమో అను సంకోచమే వారిని హోటలు గడప దాటనీయదు.

ఈ సంకోచము పోవలెనన్నచో హోటలు ధర యెట్లు ఏర్పడునో తెలిసికొనవలెను. ఇడ్లీ ఖరీదులో బియ్యము, మినపప్పు, వంటచెరకులతోపాటు మనము కూర్చుండు చోటి అద్దెయు, వడ్డించువాని జీతమును కలిసియుండును. ఒక కుర్చీలో ఒకరు అరగంట కూర్చుండినచో ఆ చోటున మరియొకరికి వడ్డించుటకు వీలులేదు. ఈ సూక్ష్మమును గ్రహించియే 1983లో బెంగుళూరు జయనగరమున 'దర్శిని' అను క్రొత్తతరహా ఫలహారశాల వెలసినది. అచట కుర్చీలు లేవు. ముందుగా డబ్బు చెల్లించి చీటీ తీసికొని, వంటయింటి కిటికీ వద్ద పళ్ళెము అందుకొని, ఎత్తైన బల్లపై నుంచుకొని నిలువుకాళ్ళపై తినవలెను. జనము వేగముగా వచ్చిపోవుచుండుటచే తక్కువ ధరకే తాజా పదార్థము లభించును. ఈ పద్ధతి నగరమంతటను వ్యాపించినది.

నడివయస్సువారికి దర్శిని మిక్కిలి అనుకూలము. కాని మోకాళ్ళ నొప్పులు గల వృద్ధులకును, గర్భిణులకును, రాత్రి నిద్రలేని రోగికిని నిలుచుండి తినుట సాధ్యము కాదు. వారికి కూర్చుండుట భోగము గాదు, అవసరము. కావున పోవువారు ఈ క్రింది మూడు తరగతుల భేదమును ఎరిగియుండవలెను.

మొదటి తరగతి ప్రభుత్వపు క్యాంటీనులు. బెంగుళూరులో 2017 ఆగష్టులో ఇందిరా క్యాంటీనులు ప్రారంభమైనవి. ఆనాడు ఫలహారమునకు 5 రూపాయలు, భోజనమునకు 10 రూపాయలు వెలగా నిర్ణయించిరి. చెన్నపట్టణము పోవువారికి 2013లో వెలసిన అమ్మ ఉణవగములు కలవు; అచట ఇడ్లీ ఒక రూపాయికే అమ్మిరి. మన రాష్ట్రమున అన్న క్యాంటీనులు 2018లో ప్రారంభమై, 2019లో మూతబడి, 2024 ఆగష్టులో మరల తెరువబడినవి. పూటకు 5 రూపాయలు వెల. వీటిలో ఖర్చు స్వల్పము. కాని పలుచోట్ల నిలువుబల్లలే యుండును. ఫలహారము ప్రొద్దుట నియమిత వేళలోనే దొరకును. ఆలస్యముగా పోయినవారికి నిరాశయే మిగులును.

రెండవ తరగతి దర్శినులు. వీటిలో కొన్నింటి వెలుపల అరుగులో, నాలుగు కుర్చీలో యుండును. ముసలివారిని అచట కూర్చుండబెట్టి, తోడువచ్చినవారు పళ్ళెము తెచ్చి యిచ్చుట చవకయైన ఉపాయము.

మూడవ తరగతి కూర్చుండబెట్టి వడ్డించు ఫలహారశాలలు. బెంగుళూరులో ఇవి చిరకాలమునుండి కలవు. లాల్‌బాగు చెంత మావళ్ళి టిఫిన్ రూము 1924 నాటిది. గాంధీబజారులోని విద్యార్థిభవనము 1943 నాటిది. అయితే పేరుమోసిన చోట్ల సెలవుదినములలో జనసమ్మర్దము మెండు. వైద్యమునకు పోయినవారు వాటిని వెదకికొని పోనక్కరలేదు. ఆసుపత్రి వీధులలోను, రైలు స్టేషను ఎదుట కెంపేగౌడ బస్సు స్టాండు పరిసరములలోను సామాన్యమైన ఉడుపి హోటళ్ళు కలవు. ఒకే హోటలులో క్రింద తామే తెచ్చుకొను చోటికి ఒక ధర, కూర్చుండు హాలుకు ఒక ధర, చల్లగదికి వేరొక ధర యుండవచ్చును. కావున గోడపైనున్న ధరలపట్టికను చదివించుకొని, "ఈ బల్లకు ఈ ధరయేనా?" అని కూర్చుండుటకు ముందే అడుగవలెను. అడుగుట చిన్నతనము కాదు.

కన్నడమున 'తిండి' యనగా ఫలహారము, 'ఊట' యనగా భోజనము. ఖారాబాత్ మన ఉప్మావంటిది, కేసరిబాత్ తీపిది. రెండును కలిపి ఇచ్చునది చౌచౌబాత్. ఖాలి దోసె యనగా లోపల కూర లేని దోసె. కాఫీ ఒకటి తీసికొని రెండు లోటాలలో పంచుకొనవలెనన్నచో 'వన్ బై టూ' అనిన చాలును. దానిని అచట ఎవరును తక్కువగా చూడరు.

బిల్లు వచ్చినప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. సామాన్య హోటలులో వస్తుసేవల పన్ను నూటికి 5 రూపాయలు. 'సర్వీసు చార్జీ' అను పేర వేయు అదనపు రుసుము పన్ను కాదు. దానిని బిల్లులో తమంతట తాము చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారము 2022 జూలైలో ఆదేశించినది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ ఆదేశమును సమర్థించినది. అట్టి రుసుము కనబడినచో తీసివేయుడని మర్యాదగా కోరవచ్చును. వినని పక్షమున 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చును.

ఆరోగ్య విషయమున ఒక హెచ్చరిక. పరగడుపున రక్తపరీక్ష చేయవలెనని వైద్యుడు చెప్పియున్నచో, రక్తము ఇచ్చువరకు రోగి ఏమియు తినరాదు. కాని తోడుపోయినవారు పస్తుండనక్కరలేదు. మధుమేహమునకు ఇన్సులిను సూదిగాని కొన్ని రకముల మాత్రలుగాని తీసికొని వేళకు తిననివారికి రక్తమున చక్కెర తగ్గి, చెమటలు పట్టి, సొమ్మసిల్లు ప్రమాదము కలదు. పరగడుపు పరీక్షనాడు మందు ఎప్పుడు తీసికొనవలెనో వైద్యునే ముందుగా అడుగవలెను. చేతిసంచిలో కొంచెము బెల్లమో, చక్కెరయో ఉంచుకొనుట మేలు.

హోటలు బల్లకు మరియొక ప్రాధాన్యము కలదు. పూర్వము కాఫీ హోటళ్ళలో సహితము కులమునుబట్టి వేరు చోట్లుండెడివి. కొందరిని లోనికి రానీయకుండిరి. భోజనశాలలలో ప్రవేశమునకు కులము అడ్డుకారాదని రాజ్యాంగము 15వ అధికరణము శాసించినది. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము అట్టి నిషేధమును శిక్షార్హము గావించినది. 1976లో ఆ చట్టమునకు పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మారినది. బెంగుళూరు హోటలులో మన ఊరి రైతును, మన ఊరి కూలియు ఒకే బల్లవద్ద కూర్చుండి, ఒకే తీరు లోటాలో కాఫీ త్రాగుచున్నారు. ఊరికి తిరిగివచ్చిన పిదప టీకొట్టు వద్ద వారిలో ఒకరు బల్లపైనను, వేరొకరు నేలపైనను కూర్చుండునట్లయిన ఆ లోపము నగరమునది కాదు, మనది.

ఈ విషయమున పంచాయతీ చేయదగిన పని స్వల్పము, ఖర్చు లేనిది. కార్యాలయమున ఒక పలక వ్రేలాడగట్టి, మనవారు తరచు పోవు ఆసుపత్రుల పేర్లు, వాటి దగ్గర కూర్చుండి తినదగిన హోటళ్ళు, ప్రభుత్వపు క్యాంటీనులు, అవి తెరచు వేళలు వ్రాయించవలెను. ధరలు మారుచుండును గనుక తిరిగివచ్చినవారి బిల్లులను చూచి నెలకొకసారి సరిదిద్దవలెను. చదువురానివారు బయలుదేరునాటి ముందు సాయంకాలము ఒక సభ్యుడు వారికి ఈ సంగతులు చదివి వినిపించవలెను.

పూర్వము గుబ్బి తోటదప్పగారు బెంగుళూరు రైలు స్టేషను చెంత బాటసారులకై సత్రము నెలకొల్పిరి. అంతటి దానము చేయుట అందరికిని సాధ్యము కాదు. కాని రోగిష్టి తల్లిని వెంటబెట్టుకొని పోవు కుమారునికి, "ఫలానిచోట అమ్మను కూర్చుండబెట్టి రెండు ఇడ్లీలు తినిపించుము, ఇంత ఖర్చగును" అని ముందుగా చెప్పుట ప్రతి సభ్యునికిని సాధ్యమే. ఆ ఒక్క మాటచే ఆ తల్లి వైద్యుని యెదుట సొమ్మసిల్లక తన బాధను తానే చెప్పుకొనగలదు.